అద్దం అవతలి బల్ల

మగ్గంలో అడ్డనూలు మోసే నాడె సగం దూరం వెళ్ళి మళ్ళీ ఆగిపోయింది.

"మూడు వారాలైంది కింగా మేడమ్," అన్నాడు మెకానిక్ వీతెక్, చేతులు తుడుచుకుంటూ. "ఈ మగ్గానికి నా మీదేదో పగుంది."

పోలండ్‌లోని వూచ్ నగరంలో ఎప్పుడో మూతపడ్డ ఆ నూలు మిల్లును దుకాణాలుగా, గ్రంథాలయంగా మారుస్తున్నారు. నేత హాలు సంగతే ఇంకా తేలలేదు.

శుక్రవారం నగరపాలక సభ్యులు వచ్చేసరికి, మిగిలిన ఈ ఒక్క మగ్గం నడిస్తే హాలు నేత బడి అవుతుంది. లేదంటే కార్లు నిలిపే చోటవుతుంది.

ఆ బడి కోసం కింగా రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది.

కొత్తగా పెట్టిన అద్దపు గోడకు అవతల, బల్ల మీద, ఆకుపచ్చ తలగుడ్డ ముసలావిడ వచ్చి కూర్చుంది. వారం నుంచీ రోజూ ఇంతే. మగ్గాన్నే చూస్తుంది.

కింగా ఆవిడ వైపు తిరిగి నవ్వింది. నవ్వుతూనే అంది:

"వచ్చిందయ్యా మహాతల్లి. ఇంట్లో బొగ్గు దండగని ఇక్కడ చలి కాచుకుంటోంది."

వీతెక్ పళ్ళికిలించాడు. "ఓ కప్పు టీ కూడా ఇద్దామా?"

"మెల్లిగా. వింటుంది."

"ఈ అద్దంలోంచి ఫిరంగి పేలినా వినపడదు మేడమ్."

"అయితే విను. శుక్రవారం పెద్దవాళ్ళ ముందు ఈ అవతారం కనపడకూడదు. సాయంత్రానికి ఆ బల్ల తీయించెయ్."

ముసలావిడ లేచింది.

వెళ్ళిపోతుందనుకుంటే, తలుపు తోసుకుని లోపలికొచ్చింది. మగ్గం పక్కకు వంగి, నాడెను తోసే తోలు పట్టీని వేళ్ళతో తడిమింది. ముడి విప్పి, రెండంగుళాలు బిగించి మళ్ళీ వేసింది.

"బామ్మా! చెయ్యి తియ్యి! అదేమన్నా వెన్న చిలికే కవ్వమా?" అని అరిచాడు వీతెక్.

"తోలు కదా నాయనా, సాగుతుంది," అని ఆవిడ తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

శుక్రవారం మీట నొక్కగానే నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగులు తీసింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. హాలు నిలిచింది.

"అంతా నా కొత్త నూనె మహిమ," అని వీతెక్ మీసం దువ్వాడు.

చూడ్డానికొచ్చిన జనంలో ఓ ముసలి దంపతులు, మగ్గానికి చెరో పక్కన నిలబడి శబ్దం లేకుండా పెదవులు కదుపుతూ నవ్వుకుంటున్నారు.

"ఏం తాతగారూ, గొంతు పోయిందా?" అంది కింగా.

"ఇదే మా భాషమ్మా. నాలుగొందల మగ్గాల హోరులో చెవులకు పనేముంది? ఇక్కడ పనిచేసినవాళ్ళమంతా పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్ళం." ఆయన చుట్టూ చూశాడు. "మా బ్రోన్యా రాలేదే? ముప్ఫై ఏళ్ళు ఈ మగ్గం ఆవిడదే. మా అందరికీ పని నేర్పింది. మీరెవరైనా అడిగితే నడిపి చూపిద్దామని రోజూ వచ్చి బల్ల మీద కూర్చునేదిగా, ఆకుపచ్చ తలగుడ్డ కట్టుకుని..."

కింగా తల తిప్పింది.

బల్ల లేదు.

అద్దం అవతల వీతెక్ ఎవరితోనో నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. కింగాకు ఒక్క ముక్కా అందలేదు, బ్రోన్యాకు మాత్రం ఆ రోజు ప్రతి మాటా అందింది, అంతా తెలిశాకే లేచి వచ్చి పట్టీ బిగించి వెళ్ళింది.