ఒంటరి భృతి

ఆ పూటకి గొడుగుల షావుకారు చేతిలో ఉన్నవి: ఒంటరి వృద్ధులకు నెలనెలా వచ్చే భృతి, గది అద్దెలో సగం మినహాయింపు, బస్సులో సగం టికెట్టు, మందుల కొట్లో కాస్త తగ్గింపు. భృతి కార్యాలయంలో కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా అమ్మాయికి ఇవన్నీ వేళ్లు మడుస్తూ ఏకరువు పెట్టి, అసలు సంగతి అడిగాడు.

"ఇద్దరు ఒంటరివాళ్లు పెళ్లి చేసుకుంటే వీటిలో ఏవేవి పోతాయమ్మా?"

ఆ అమ్మాయి ఉద్యోగానికి కొత్త. నవ్వు దాచుకోవడం ఇంకా చేతకాదు. "ఎవరు తాతగారూ, ఆ రెండోవారు?"

"మా ఎదురు గదావిడ."

అమ్మాయి ఓపిగ్గా లెక్క చెప్పింది. ఇద్దరి భృతీ ఆగిపోతుంది. అద్దె మినహాయింపూ ఉండదు. ఒక గది ఖాళీ చేసి రెండోదాంట్లో సర్దుకున్నా నెల తిరిగేసరికి చేతి చమురు వదులుతుంది. ఎందుకొచ్చిన గొడవ, హాయిగా ఎదురెదురుగానే ఉండి, సాయంత్రాలు కలిసి టీ తాగితే ఎవరు కాదంటారని సలహా కూడా ఇచ్చింది.

"టీ సరేనమ్మా. తాగాక ఎవరి తలుపు వాళ్లు వేసుకోవాలిగా."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

ఇంటికి నడుస్తుంటే వాన వెలిసిన వీధి అద్దంలా ఉంది. ఎవరిదో పసుపు గొడుగు నీడ నీళ్లమీద మెల్లగా తేలిపోతోంది. ఆయుష్షంతా గొడుగులు అమ్మినవాడాయన. మబ్బు పడితే లాభమే కనిపించేది. ఈమధ్య మబ్బు చూస్తే మబ్బే కనిపిస్తోంది.

మేడమీద ఆయన గదికీ ఆమె గదికీ మధ్య నడవా. పొద్దు వాలేవేళ ఎండ అందులోకి పారి, అది చిన్న ఏరులా మెరుస్తుంది. ఏడాదిగా ఆయన ఈ గట్టున, ఆమె ఆ గట్టున. నిద్రలో ఆమె దగ్గు వినబడితే ఆయన కలలో ఆ ఏట్లోకి దిగుతాడు. నడిచేకొద్దీ అవతలి గట్టు దూరం జరుగుతుంది. చొక్కా గుండీ ఊడితే ఆమె గుమ్మంలో నిలబడే కుట్టి ఇచ్చేది, లోపలికి రమ్మనేది కాదు. భృతి తనిఖీవాళ్లు చెప్పా పెట్టకుండా వస్తారు, నలుగురూ చూస్తారు అని ఆమె భయం. మాటల్లో ఇద్దరూ 'మీరు' దాటేవారు కాదు.

ఆయన తలుపు తట్టాడు. ఆమె సగం తెరిచింది. వెనకాల టీ ఆవిరి గదినిండా పొగమంచులా ఉంది.

"లెక్క కట్టించారా?"

"కట్టించాను. నష్టమే."

"మరింకేం. వెళ్లి పడుకోండి."

ఆయన కదల్లేదు. "ఒక్కసారి నష్టానికి బేరం చేయాలనుంది. నువ్వు ఒప్పుకుంటే."

ఆ 'నువ్వు' విని ఆమె నడవా ఆ చివరికీ ఈ చివరికీ చూసింది. ఎవరూ లేరు. ఎండ మాత్రం ఇద్దరి పాదాలమీదుగా పారుతోంది.

"రేపు ఇంకెక్కడో ఇంకో రాయితీ ఉందంటే? వేళ్లు మడవకుండా ఉండగలరా మీరు?"

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆ వాలకం చూసి ఆమెకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

"నన్ను ఏ లెక్కలోనూ వేయనంటేనే వస్తాను."

"వేయను."

ఆమె చేయి తలుపు రెక్క మీదికి వెళ్లింది. ఇక కాదంటుందనే అనుకున్నాడు. అప్పుడామె గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

"లోపలికి రండి. టీ చల్లారిపోతోంది."

పెళ్లి నమోదు చేసుకున్న రోజు సాక్షి సంతకం గుమాస్తా అమ్మాయే పెట్టింది. పెట్టి, ఆయన చెవి దగ్గరకు వంగి, ఇంతకీ ఈ బేరంలో మీకు మిగిలిందేమిటి తాతగారూ అని అడిగింది. ఆయన పక్కనున్న పెళ్లికూతురి చేయి పట్టుకున్నాడు. భృతులు రెండూ పోయాయి. అద్దె మినహాయింపు పోయింది. బస్సులో సగం టికెట్టు, మందుల తగ్గింపు నిలిచాయి.

లాభానికి వచ్చింది, ఆ రాయితీల కోసమే కిందటేడు తాను విడాకులిచ్చిన భార్య.