మంచు తరుగు

"హ్యాండ్లింగ్ చార్జీ పన్నెండు వేలా? మొన్న చెప్పిన రేటులో ఇది లేదే?" బుల్లయ్య వేలు బిల్లు మీద నుంచి కదల్లేదు.

"కారు కడిగి, తుడిచి ఇచ్చినందుకండి," అంది షోరూమ్ అమ్మాయి మహిమ.

"కొత్త కారుకి కడుగుడేంటమ్మా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారు?"

షోరూమంతా ఇటే చూసింది. టైర్ల కింద పెట్టడానికి తెచ్చిన నిమ్మకాయలు పట్టుకుని, భార్య కోటేశ్వరి తల దించుకుంది.

"అన్నిచోట్లా ఉన్నదేనండి," అంది మహిమ నెమ్మదిగా.

ఆ మాట తనదే అనిపించింది బుల్లయ్యకు. "ఏ ఊరమ్మా మీది?"

"మీ ఊరేనండి. రెబ్కా కూతుర్ని. మా అమ్మ మీ చేలో పత్తి తీసేది."

బుల్లయ్యకు కాటా గుర్తొచ్చింది. పత్తి మంచుకు తడిసిందని పది కిలోలకు కిలో తరుగు తీసి కూలి కట్టేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన పత్తికీ అదే తరుగు. "అన్ని చేలల్లో ఉన్నదేలే," అనేవాడు, రెబ్కా మొహం చూడకుండా.

మహిమ బిల్లు తన వైపు తిప్పుకుని ఆ పన్నెండు వేలు పెన్నుతో కొట్టేసింది.

"అడిగినవాళ్ళకి తీసేస్తామండి. మా అమ్మ ఏనాడూ అడగలేదు."