పేరు పక్కన చుక్క

"మొదటి పేరు నాదే ఉండాలి," అన్నారు పట్టాభిరామయ్యగారు, కుర్చీలో కూర్చోకముందే.

"నేనొప్పుకోను సార్," అంది మంజులత, కూర్చున్నాక.

ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, ఒకే డిపార్ట్‌మెంట్. ఆయన హెడ్డు, ఆవిడ రీడరు. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ సుహాస్ వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. అంటే హెడ్డుగారి కరెంటు బిల్లు క్యూలో నిలబడుతున్నాడు.

బల్లకి ఇవతల, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు కమలాకర్.

ఫిలింనగర్‌లో డబ్బింగ్ థియేటర్ మీద ఉంది అతని ఆఫీసు. ఫారిన్ రీసెర్చ్ పత్రికల్లో వచ్చే వ్యాసాల వివరాలు నింపడం వాళ్ల పని. పేరేంటి, రాసిందెవరు, ఏ ఊరు, ఏ పేజీ. అన్నీ గళ్లలో నింపి పంపితే దానికో శాశ్వతమైన నంబరు పడుతుంది. ఆ నంబరు కొడితే లోకంలో ఏ మూల ఉన్నవాడికైనా అది దొరికిపోతుంది.

దీన్ని కమలాకర్ వాళ్లుండే షేక్‌పేటలో సాఫ్ట్‌వేర్ అంటారు. కమలాకర్ తల్లి బుచ్చమ్మ అయితే అలాగే చెప్పింది, పిల్లనిచ్చే బాలనర్సయ్యకి. సాఫ్ట్‌వేర్ అంటే చాలు, ఇంకేం అడక్కుండా పిల్లనిచ్చే రోజులవి. బాలనర్సయ్య మాత్రం ఒకటడిగాడు.

"పర్మనెంటు కాయితం చూపెట్టుండ్రి. అరుణజ్యోతి మీ ఇంటి పిల్లే."

ఆ కాగితం మేనేజర్ సొరుగులో ఉంది. ఈ ముగ్గురి ఫైలు సాయంత్రంలోగా రిజిస్టరైతే బయటికొస్తుంది. కాకపోతే కమలాకర్ పక్క సందులోని పాత కొట్టుకి పోయి, మళ్లీ సినిమా టైటిల్స్ కంపోజ్ చేసుకోవాలి.

ఫైలు పేర్ల వరస దగ్గర ఆగిపోయింది. ముగ్గురూ ఒప్పుకుంటేనే వరస. మెయిళ్లలో తిట్టుకుంటుంటే, ఊళ్లోవాళ్లే కదా అని మేనేజరే పిలిపించాడు.

"సార్, ఉన్నది ఒక్క పేజీ. అది గూడ నిండలే. గిదానికి గింత పంచాయితీ ఎందుకు సార్?"

"పేజీలు కాదు బాబూ, పేరు చూడాలి. రేపు వీసీ పోస్టుకి కమిటీ కూర్చుంటుంది. లోపల ఏముందో ఎవడు చదువుతాడు? మొదటి పేరు ఎవరిదో చూస్తారు, అంతే."

"అసలు దీనికంతటికీ మూలం నేను," అంది మంజులత. "లైబ్రరీలో కూర్చుని వెతికింది నేను, టైపు కొట్టింది నేను. సార్ చేసిందల్లా సంతకం."

"ఆ సంతకం లేకపోతే వ్యవహారం ఇంతదూరం వచ్చేదా అమ్మా?"

కింద డబ్బింగ్‌లో హీరోయిన్ ఏడుపు మొదలైంది. పొద్దుటినుంచీ ఏడుస్తూనే ఉంది, డైరెక్టరుకి నచ్చడంలేదు.

"నా పేరు తీసేయండి సార్," అన్నాడు సుహాస్, మెల్లిగా.

"చూశారా సంస్కారం! నేను నేర్పిందే. తియ్యకు బాబూ, కుర్రాడికి బోలెడు భవిష్యత్తుంది."

"అందుకే సార్..."

"నువ్వూరుకోవోయ్."

కమలాకర్ ఇంకో ప్రయత్నం చేశాడు. "ఒక్కపారి నంబరు పడితే మళ్ల చెరిపేది ఉండదు సార్. వందేండ్లయినా గట్లనే ఉంటది. జర సోంచాయించుండ్రి."

"కావాల్సిందే అది! నా మునిమనవలు కూడా నంబరు కొట్టి చూసుకోవాలి."

కమలాకర్‌కి పాత కొట్టు గుర్తొచ్చింది. ఇద్దరు హీరోల సినిమా అయితే ఒక పేరు ఎడమపక్క కిందా, ఇంకోటి కుడిపక్క పైనా వేసేవాడు. ఎవరు ముందో దేవుడికి కూడా తెలిసేది కాదు. పెద్ద నటుడు అలిగితే చివర్లో "మరియు" అని పెట్టి చుట్టూ డబ్బా కట్టేవాడు. ఇక్కడేమో గళ్లన్నీ ఒకదాని కింద ఒకటి. డబ్బా లేదు.

కానీ చుక్క ఉంది.

"మేడమ్, చుక్క ఎవరికి పెట్టాలె?"

"చుక్కేంటి?"

"ఒక్క పేరు పక్కన్నే చుక్క పెడ్తం మేడమ్. ఆ చుక్క ఉన్నోళ్ల మెయిల్ అడ్రసు కింద ఇస్తం. చదివినోళ్లు ఏమన్న అనాలంటే సీదా మీకే రాస్తరు. సార్‌కు రాయరు."

"ఏ దేశం వాళ్లయినా?"

"జర్మనోళ్లు, జపానోళ్లు, అందరు."

మంజులత పమిట సర్దుకుంది, ఇప్పుడే ఫొటో తీస్తారన్నట్టు. "చుక్క కాస్త పెద్దదిగా ఉంటుందా?"

"అందరికీ కనవడ్తది మేడమ్."

"మరి నాకో చుక్క?" అన్నారు పట్టాభిరామయ్యగారు.

"మొదటి పేరూ, చుక్కా రెండూ ఒక్కరికే ఇస్తే సినిమా నడవది సార్."

ఆయన ఆలోచించి తలూపారు. మంజులతా తలూపింది. సుహాస్ మాత్రం కనీసం ఇంటిపేరైనా వెయ్యొద్దని బతిమాలాడు. హెడ్డుగారు దగ్గరుండి వాడి ఇంటిపేరు అక్షరం అక్షరం చెప్పి మరీ కొట్టించారు.

కమలాకర్ బటన్ నొక్కాడు. నంబరు పడింది.

మేనేజర్ సొరుగు తెరుచుకుంది. "ఏందిరా, వచ్చిందా?" అని ఫోన్లో బుచ్చమ్మ అరిచిన అరుపు, కింది అంతస్తులో హీరోయిన్ ఏడుపుని మింగేసింది. పట్టాభిరామయ్యగారు వెంట తెచ్చుకున్న మైసూర్‌పాక్ డబ్బా విప్పారు. మంజులత ఇంటికి ఫోన్ చేసి చుక్క సంగతి చెప్పింది. సుహాస్ ఒక్కడే మైసూర్‌పాక్ వద్దన్నాడు.

"ఏదీ బాబూ, ఓసారి తెరమీద చూపించు!"

అందరూ వంగారు.

పట్టాభిరామయ్యగారు మొదట, పక్కన చుక్కతో మంజులత తర్వాత, ఇంటిపేరుతో సహా సుహాస్ చివర, ఆ కింద ముగ్గురూ కలిసి రాసిన ఒకే ఒక్క వాక్యం మిలమిలా మెరిసింది: "పోయిన సంచికలో మా పేర్లతో వచ్చిన వ్యాసం ఆసాంతం వేరేవాళ్ల దగ్గర కాపీ కొట్టిందేనని ఒప్పుకుంటూ, క్షమాపణలతో దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం."