గోడ పక్కన మూకుడు

లక్డారంలో ఆ వేసవిలో నర్సింహమ్మ కోళ్లు ఒకటొకటిగా చచ్చిపోతున్నాయి. ఆమె అనుమానమంతా పొరుగింటి ఖాతూన్ మీదే. ఒక మధ్యాహ్నం ఖాతూన్ గోడ పక్కన మట్టి మూకుడు పెట్టి పోవడం కళ్లారా చూసింది. అందులో తెల్లటి నీళ్లు, పులిసిన వాసన.

"ఏం మందు కలిపినవే?" అని నిలదీసింది.

"మజ్జిగ నీళ్లక్కా. ఎండకు కోళ్లు దూపతోని సస్తున్నయని పెట్టిన."

"గట్లయితే నువ్వు తాగి సూపియ్."

ఖాతూన్ తడబడింది. "ఇప్పుడైతే తాగనక్కా..."

మిగతా మాట నర్సింహమ్మ వినిపించుకోలేదు. ఇంకేం రుజువు కావాలి? మిగిలిన కోళ్లన్నింటినీ పట్టి వాకిట్లో ఎండలోనే గంప కింద మూసింది. ఊరిపెద్ద పటేలు పొరుగూరినుంచి రాగానే చూపిస్తానని మూకుడుకు కాపలాగా అరుగు మీద కూర్చుంది.

పటేలు రాలేదు. పొద్దుగూకి మసీదులో అజాన్ వినబడగానే ఖాతూన్ వచ్చింది. మూకుడెత్తి సగం తాగింది.

"రోజా ఉన్ననక్కా. తెల్లారకముందు సంది గుక్కెడు నీళ్లు ముట్టలే." మూకుడు ఆమె చేతికిచ్చింది. "ఇగ కోళ్లకు పొయ్యి."

నర్సింహమ్మ గంప ఎత్తింది. ఒక్క కోడీ కదల్లేదు.