చేలో పిలుపు

కాటు రంగయ్య మడమ పైన పడింది. పడగ దించుకొని సాళ్లలోకి జారిపోవడం కళ్లారా చూశాడు. నాగుపామే.

మొక్కజొన్న మనిషి ఎత్తు దాటి ఉంది. ఎటు చూసినా ఆకులే. అడవిపందులు తొక్కిన జాడ వెంటబడి చేలో చాలా దూరం వచ్చాడు. ఏ సాల్లో ఉన్నాడో అతనికే తెలియదు. ఫోను గట్టు మీద, బండి సంచిలో ఉంది. నడిస్తే విషం పైకెక్కుతుందని, తువ్వాలు పిక్కకు బిగించి కూలబడ్డాడు.

"ప్రమీలా! పాము కరిచినాదే! బిరీన రా!"

"యాడుండావ్?" గట్టు మీద గడ్డి కోస్తున్న భార్య కేక.

"ఈడ! ఈ పక్క!"

ఆకులు గలగలమన్నాయి. ఆమె చేలోకి దిగింది. గలగల అతని ఎడమ పక్క నుంచి వస్తోంది. దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. ఆగింది.

తర్వాత అవతలికి మళ్లింది.

"అట్ల కాదే! ఇట్ల!"

"ఎట్ల?"

 అప్పుడు రంగయ్యకు గుర్తొచ్చింది.

ఆషాఢంలో, మోటారు ఆపడం మరిచిందని ఆమె ఎడమ చెంప మీద కొట్టాడు. చెవిలోంచి రక్తం కారింది. నంద్యాల డాక్టరు లైటు వేసి చూశాడు.

"పొర చిరిగింది. అది అతుక్కునేదాకా మాట వినిపిస్తుంది గానీ, ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. దానికి రెండు చెవులూ కావాలి."

అది రంగయ్యకు ఆటయింది. గడ్డివామి వెనక దాక్కొని పేరు పెట్టి పిలిచేవాడు. ఆమె వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, "సూడండప్పా, మా ఇంటి గానుగెద్దు!" అని అరుగు మీది మగవాళ్లను నవ్వించేవాడు. మొన్న కూడా నవ్వించాడు.

ఇప్పుడు నాలుక మందమవుతోంది. రెప్పలు వాలిపోతున్నాయి. గలగల వెనకవైపు. కుడివైపు. మళ్లీ వెనక. ఆమె ఎక్కడుందో అతనికి ప్రతి అడుగూ తెలుస్తోంది.

"ఇంగెప్పుడూ చెయ్యెత్తనే... నీ కాళ్లు పట్టుకుంటా... ఈడనే ఉండా..."

గలగల పక్క సాల్లోకి వచ్చి ఆగిపోయింది. కాండాల సందున ఆమె కాలి మెట్టెలు కనిపించాయి. రంగయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు.

"యాడుండావ్?"

ఈసారి ఆమె కేక వేయలేదు. మెల్లగా అడిగింది.

అతను చెయ్యి చాచబోయాడు. చెయ్యి లేవలేదు. మెట్టెలు కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత వెనక్కి తిరిగాయి.

పక్క చేలవాళ్లు వచ్చి సాళ్లన్నీ గాలించి, ఆళ్లగడ్డ ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి లేదు.

మర్నాడు, దహనం అయ్యాక, వాకిట్లో ఆడవాళ్లు కూర్చున్నారు. పొద్దున ఆ హడావుడిలో దూడ కట్టు తెంచుకొని పోయింది. వెతికేవాళ్లు లేరు.

"ఆయప్ప పిలుస్తానే ఉండాడంట," అని పక్కింటి వీరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పాపం, ఈయమ్మనేం అంటాం? ఒంటి చెవాయె. దిక్కు యాడ తెలుస్తాది?"

అందరూ తలలూపారు. ప్రమీలమ్మ తల వంచుకొని కూర్చుంది.

అంతలో ఎక్కడో దూడ ఒక్కసారి అరిచింది. ప్రమీలమ్మ లేచి, అటూ ఇటూ చూడకుండా, తిన్నగా ఎడమ పక్క గడ్డివామి వెనక్కి నడిచి దాని మెడ పట్టుకుంది.