తడవని చెంచా

రాత్రి పదకొండు దాటాక ఎస్టీడీకి పావు చార్జీయే. రిటైరైన ఇంగ్లీషు టీచరు రూబేను ఉదయగిరి బస్టాండు బూత్‌లో దూరి హైదరాబాదుకు ఫోన్ కలిపాడు.

చనిపోయిన భార్య లిదియమ్మ ఆఖరి రోజుల మీద ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాడు. నోరంతా పుండ్లు పడిన ఆమెకు చెక్క చెంచాతో గంజి తాగించిన వైనం చదివి తోటి టీచర్లు కళ్లు తుడుచుకున్నారు. ఇప్పుడు దాన్ని ఇంటర్నెట్టు అంగడిలో అమ్ముతున్నారు. ఊళ్లో కంప్యూటర్ లేదు. అమ్మకాల్లో దాని ర్యాంకు రోజూ ఫోన్లో కనుక్కోకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

"ఈ పొద్దు ర్యాంకు ఎంతరా మాధవా?"

పాత శిష్యుడు మాధవ్ నసిగాడు. "ఉండండి సార్. పుస్తకం కింద ఎవరో అభిప్రాయం రాసినారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు."

"చదవరా."

"‘ఆ చెంచా తడవనే లేదు. నేను నీళ్లడిగినాను. నువ్వు తలెత్తకుండా రాసుకుంటా ఉండావు.’ కింద లిదియమ్మ, ఉదయగిరి అని ఉండాది."

లిదియమ్మ పోయిన రాత్రి గదిలో ఉన్నది భార్యాభర్తలిద్దరే.

"సార్, మీ పక్కన ఎవరన్నా ఖాళీ గిన్నె గోకతా ఉండారా?"

అద్దాల గదిలో ఆయన ఒక్కడే. కానీ ఆ చప్పుడు ఆయనకూ వినబడుతోంది. ఆయన వీపు వెనకే, గిన్నె అడుగున చెక్క చెంచా ఆగి ఆగి గీరుతోంది.

రూబేను వెనక్కి తిరగలేదు. ఎండిన పెదాలు తడుపుకున్నాడు.

"అది పోనీరా. ఆ మాటలు పెట్టినాక ర్యాంకేమన్నా పెరిగిందా?"

గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఛీ" అని వినబడింది. ఫోన్లోంచి కాదు.