చెడ్డ బంతి

పొద్దున్నే వంటింట్లో తల్లీకూతుళ్లు మళ్లీ వాదులాటకు దిగారు. గంగామణి ఒకప్పుడు ఆర్మూరులో సాఫ్ట్‌బాల్ ఆడింది. కూతురు లాస్య ఇప్పుడు రాష్ట్ర జట్టులో బ్యాటర్.

"మా కాలంల కంటికి కనవడ్డ బంతినల్లా దంచుడే," అంది గంగామణి.

"అందుకే ఊకె అవుటవుతుంటివి. మంచి బంతి వచ్చేదాక ఓపిక పట్టుడే ఆట."

"గా ఓపిక నీదా, చిప్పుదా?"

లాస్య రెండు మణికట్లలోనూ బియ్యపుగింజంత చిప్‌లు ఉన్నాయి. కొట్టకూడని చెడ్డ బంతి వస్తే అవి చెయ్యి లేవనివ్వవు. మొదట ఆటగాళ్లకు పెట్టారు, తరువాత పెళ్లాల మీద చెయ్యి చేసుకునే మొగుళ్లకు. సోమవారం నుంచి బళ్లో పిల్లలందరికీ పెడతారట.

"సూస్తవా?" అంటూ లాస్య చపాతీ కర్ర పట్టుకుని నిలబడింది. గంగామణి బుట్టలోంచి నిమ్మకాయలు విసరసాగింది. నడుము ఎత్తున వచ్చినదాన్ని లాస్య గోడకేసి కొట్టింది. పక్కకు పోయినవాటి వంక చూడను కూడా లేదు. గంగామణికి ముచ్చటేసింది, వెంటనే ఉక్రోషమూ వచ్చింది. ఈసారి నేరుగా మొహానికి విసిరింది.

నిమ్మకాయ కంటి కింద ఫట్‌మని తగిలింది. కర్ర కదలలేదు.

"చెడ్డ బంతి," అని నవ్వింది లాస్య. కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"కొట్టకుంటే మానె. చెయ్యన్న అడ్డం పెట్టుకోవద్దా బిడ్డా?"

లాస్య నవ్వు ఆగిపోయింది. కర్ర గట్టు మీద పెట్టింది. గంగామణి ఇంకో నిమ్మకాయ తీసి, మెల్లగా, చాలా మెల్లగా ఆమె మొహం దగ్గరికి తెచ్చింది.

"ఇప్పుడు పెట్టు."

లాస్య భుజాలు వణికాయి. నుదుట చెమట పట్టింది. రెండు చేతులూ పక్కన వేలాడుతూనే ఉన్నాయి.

"పెడుతున్ననమ్మా," అంది.